వెళ్ళొస్తానన్న నేరం

డ్రిల్లు మాస్టారు నాగభూషణం గారు జన్మలో రూలు తప్పిన మనిషి కాదు. పిట్ట కూడా తిరగని కూడలిలో ఎర్ర లైటు వెలిగితే కారు ఆపి, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని అటెన్షన్‌లో కూర్చుంటారు. ‘గడ్డి మీద నడవరాదు’ అని బోర్డుంటే, ఆ గడ్డి ఎండి మాయమైపోయాక కూడా చుట్టూ తిరిగే వెళ్తారు. రిటైరయ్యాక కూడా పొద్దున్నే నిక్కరు ఇస్త్రీ చేసుకునే ఈ బుద్ధిమంతుడితో హైమావతి గారు ఇన్నేళ్ళూ ఎలా వేగారో ఆవిడకే తెలియాలి. అలాంటి మనిషి చేత నలుగురిలో ‘ఈ రూలు నేను పాటించను’ అనిపించిన ఘనత రాజమండ్రి బైపాసు పక్కనున్న మహోదయ రిటైల్ పార్కు వారికి దక్కింది.

ఆ రోజు దంపతులిద్దరూ ఆసుపత్రికి బయల్దేరారు. హైమావతి గారి గుండెలో ఒక కవాటం పాడైంది. మర్నాడు పొద్దున్నే దాన్ని మార్చే ఆపరేషను. హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు అందుకోసమే వస్తున్నాడు. దీపాలు పెట్టే వేళకల్లా వచ్చి చేరాలని, రాకపోతే ఆ చోటు ఇంకో రోగికి ఇచ్చేస్తామని, ఆ డాక్టరు మళ్ళీ ఈ ఊరు ఎప్పుడొస్తాడో చెప్పలేమని ఆసుపత్రి వాళ్ళు ముందే తేల్చేశారు. దారిలో ఆవిడకి ఫ్లాస్కు గుర్తొచ్చింది. ఆసుపత్రి క్యాంటీను కాఫీ తాగుతూ బతకడానికైతే ఇంత పెద్ద ఆపరేషను దండగని, ముందు ఓ మంచి ఫ్లాస్కు కొనమని అన్నారు.

మాస్టారు నవ్వలేదు. డాక్టరు ఆపరేషను మాట చెప్పిన నాటి నుంచీ ఆయనకి నవ్వు రావడం మానేసింది. నిద్రలో లేచి భార్య ఊపిరి వింటున్నారు. ఆవిడ లేకపోతే ఎలాగన్నది ఒక భయం, ఆ భయం ఆవిడ కంట పడుతుందేమోనని ఇంకో భయం. ఫ్లాస్కేగా, చిటికెలో కొనేద్దాం అని కారు పార్కు వైపు తిప్పారు.

పార్కు అన్నారు కదా అని పిల్లల్ని వెంటబెట్టుకుని ఉయ్యాల కోసం వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. అక్కడ ఉయ్యాలా లేదు, పచ్చిక అసలే లేదు. బట్టల కొట్టు, గిన్నెల కొట్టు, టీవీల కొట్టు, బిర్యానీ హోటలు చుట్టూ వరసగా ఉంటే, మధ్యలో పెళ్ళిపందిళ్ళు పాతిక వేసినా మిగిలేంత ఖాళీ జాగా ఉంది. అది కార్లు పెట్టుకోవడానికి. అది ఏనాడూ సగం కూడా నిండలేదు. అయినా దానికో కాపలా, కాపలాకి ఓ కంపెనీ, కంపెనీకి ఓ రూలు అవసరమయ్యాయి. ఖాళీ జాగా కంటపడితే కొంతమందికి రూలు పుట్టకుండా ఉండదు.

రూలు మొదట్లో బాగానే ఉండేది. రెండు గంటలు కారు ఊరికే పెట్టుకోవచ్చు, ఆ తరవాత తీసెయ్యాలి. మనవాళ్ళు తక్కువవాళ్ళా? రెండు గంటలు కాగానే కారు తీసి, గేటు బయట ఓ గోలీసోడా తాగి, మళ్ళీ లోపలికొచ్చి ఇంకో రెండు గంటలు పెట్టడం మొదలెట్టారు. కంపెనీ ఇది పసిగట్టి, ‘ఒకసారి నిష్క్రమించిన వాహనము అదే దినమున పునరాగమనము చేయరాదు’ అని కొత్త బోర్డు పెట్టింది. పునరాగమనం అన్నది పూజయ్యాక దేవుణ్ణి పంపించేటప్పుడు చదివే మాటగా మాత్రమే ఎరిగిన జనం, ఇదేదో దేవుడి బోర్డనుకుని దణ్ణం పెట్టి మరీ లోపలికి వచ్చారు.

అప్పుడు హెడ్డాఫీసుకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మళ్ళీ వచ్చాక పట్టుకోవడం ఆలస్యం కదా, మళ్ళీ వచ్చే ఉద్దేశం ఉన్నవాణ్ణి వెళ్ళేటప్పుడే పట్టుకుంటే పోతుందని. బయటికెళ్ళే గేటు దగ్గర ఓ స్తంభం పాతి, దానికో మైకు బిగించారు. మనిషి మాట వింటే చాలు, ఉద్దేశం కనిపెట్టేస్తుందట. దానికి తెలుగు దివ్యంగా నేర్పారు. యాసలు నేర్పారు. ‘ఎల్లొత్తానండి’ అన్నా దానికి శుభ్రంగా అర్థమవుతుంది. తెలుగువాడు ఆ మాట ఎందుకంటాడో చెప్పడం మాత్రం ఎవరికీ తోచలేదు.

మొదటి రోజు పొద్దున్న మొదటి కారు గేటు దగ్గరికి వచ్చింది. గోదావరి జిల్లా మనిషి గేటు కాపలావాడికైనా చెప్పకుండా వెళ్ళడు. కాపలాదారు నూకరాజు వైపు తల బయటపెట్టి, ‘ఎల్లొత్తాం నూకరాజూ’ అన్నాడు. స్తంభం లోంచి మెత్తని ఆడగొంతు పలికింది, పునరాగమన ఉద్దేశము నిరూపితమైనదని. వెంటనే కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి ముందు చక్రానికి పసుపు రంగు ఇనప తాళం బిగించారు. రెండో కారూ అదే మాటంది, మూడోదీ అదే. సాయంత్రానికి లోపలున్న ప్రతి కారుకీ తాళం పడింది. గేటు దగ్గర అలా ఇరుక్కుని రెండు గంటలు దాటినందుకు ఇంకో చక్రానికి ఇంకో తాళం వేశారు. నూటికి నూరు మంది నేరస్థులే దొరికారని హెడ్డాఫీసు మిఠాయిలు పంచుకుంది.

ఆ తరవాత గేటు లేవాలంటే చెప్పాల్సిన వాక్యం ఒకటి వాళ్ళే తయారుచేసి పంపారు. దాని పేరు ఆమోదిత నిష్క్రమణ ప్రకటన. ‘నేను వెళ్ళిపోతున్నాను. ఇక రాను.’ బండిలో ఎంతమంది ఉంటే అంతమందీ విడివిడిగా, స్పష్టంగా మైకులో చెప్పాలి. డ్రైవరు రానని చెప్పి పక్కవాడి చేత కారు నడిపించుకొస్తాడేమోనని ఆ జాగ్రత్త.

మాస్టారు బయటి బోర్డు అలవాటు ప్రకారం ఆసాంతం చదివారు. ఈ రోజుకి మళ్ళీ వచ్చే పని మనకెలాగూ లేదు కదా అని తృప్తిపడి కారు గీతల మధ్య కొలిచినట్టు పెట్టారు. ఆమోదిత ప్రకటన బోర్డు మీద ఎవరో డిస్కౌంటు బెలూన్లు కట్టేశారు గనక అది ఆయన కంటపడలేదు.

గిన్నెల కొట్లో ఫ్లాస్కు బాగానే దొరికింది. అమ్మే పిల్ల దాన్ని తుడిచి, సంచిలో పెట్టి, చేతికిస్తూ తలవంచుకుని, మళ్ళీ రాకండమ్మా అంది. హైమావతి గారు తెల్లబోయారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని విషయం చెప్పింది. ‘మళ్ళీ రండి’ అంటే కస్టమరుని నేరానికి పురికొల్పినట్టేనని పార్కింగు కంపెనీ వాళ్ళు నోటీసు ఇచ్చారట. పక్కనే బట్టల కొట్టాయన అలవాటు కొద్దీ ఓ పెళ్ళివారిని మళ్ళీ రమ్మన్నందుకు, ఆయన కొట్టు షట్టరుకే పసుపు తాళం వేశారట. కారు వైపు వెళ్తుంటే, బిర్యానీ హోటలు బయట చేతులు కడుక్కునే చోట గోడ మీద ‘దయచేసి మళ్ళీ దయచేయండి’ అని రాసున్న అక్షరాల మీద గోనెసంచి కప్పి ఉంది. మాస్టారు ఆ గోనెసంచిని చూసి, రూలన్నాక ఏదో ఉంటుందిలే, పెద్దవాళ్ళు ఆలోచించకుండా చేస్తారా అనుకున్నారు.

గేటు దగ్గర నూకరాజు ఆయన్ని గుర్తుపట్టాడు. ఆరో తరగతిలో మాస్టారు ఎండలో నిలబెట్టిన వాళ్ళలో వాడొకడు. దగ్గరికొచ్చి నమస్కారం పెట్టి, అమ్మగారు చిక్కిపోయారేంటని అడిగి, సంగతి విని నొచ్చుకున్నాడు. తరవాత గొంతు తగ్గించి ఆ వాక్యం చెప్పాడు.

“ఇద్దరూ ఓపాలి ఆ మాట అనేయండి మాస్టారూ, గేటు లేచిపోద్ది. పొద్దస్తమానూ అదే వింటంటే నాకు మాత్రం గుండెల్లో రాయి పడతందండి.”

మాస్టారు మొదట సరిగ్గా వినలేదనుకున్నారు. రెండోసారి చెప్పించుకున్నారు. పక్కన సీట్లో భార్య ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రేపీపాటికి ఆవిడ ఛాతీని గుండె కనబడేలా కోసి ఉంటారు. ఆవిడ నోటితో ‘నేను వెళ్ళిపోతున్నాను, ఇక రాను’ అనాలట.

రూలుని తప్పించుకునే దారి జన్మలో మొదటిసారి వెతికారు మాస్టారు. మైకు దగ్గరికి మొహం తెచ్చి, వస్తామండి అన్నారు. వస్తామనుట పునరాగమనమేనని, సవరించుకొనుటకు అవకాశము కలదని స్తంభం మర్యాదగా చెప్పింది. పోనీ అని, మరి ఉంటామండి అన్నారు. బయటకు పోవు గేటు వద్ద నిలిచి ఉంటామనుట అక్రమ నిలుపుదల కిందికి వచ్చునంది. సెలవు అన్నారు. నేడు సెలవు దినము కాదంది. బైబై అంటే, ఈ సదుపాయము మాతృభాషాభిమానము గలవారికి మాత్రమేనంది. ఇక మాట్లాడకుండా ఊరుకున్నారు. ఊరుకోవడం కూడా ఒక ఉద్దేశమేనని తేల్చి, అది కుర్రాళ్ళని పిలిచింది. చక్రానికి తాళం పడింది.

వెనక కార్లు బారుగా ఆగాయి. మొదట హారన్లు మోగాయి. ఎండ పడమటికి వాలుతోంది. మాస్టారు వాచీ చూసుకోవడం, భార్య మొహం చూడటం, మళ్ళీ వాచీ చూసుకోవడం చేస్తున్నారు. హైమావతి గారు ఆయన అవస్థ చూడలేకపోయారు.

పోనీ నేను అనేస్తానండీ, మాటేగా, మాటకే ప్రాణాలు పోతాయా అంటూ ఆవిడ కిటికీ లోంచి మైకు వైపు వంగారు. మాస్టారు గబుక్కున చెయ్యి చాపి ఆవిడ నోరు మూసేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురిలో ఆయన భార్యని ముట్టుకోవడం అదే మొదలు.

“అనకు హైమా. నీ నోటంట ఆ మాట రానివ్వను. ఈ రూలు నేను పాటించను.”

అటెన్షన్ మాస్టారు రూలు పాటించననడం నూకరాజు కలలో కూడా వింటాననుకోలేదు. పరిస్థితి చెయ్యి దాటిందని పైవాళ్ళకి ఫోను చేశాడు.

పార్కు ముఖ్య నిబంధనాధికారి పురుషోత్తం గారు బ్యాటరీ బండి మీద వచ్చారు. నలభై ఏళ్ళు కూడా ఉండవు, మాట మాత్రం వందేళ్ళ నాటిది. టై సర్దుకుని, కారు చుట్టూ ఓసారి తిరిగి, తాళం సరిగ్గా పడిందని సంతోషించి, మాస్టారి వైపు తిరిగారు. సదరు నిష్క్రమణ అనునది ఒక ప్రక్రియ అని, ప్రకటన లేని నిష్క్రమణ పలాయనము కిందికి వచ్చునని, తమవంటి విద్యాధికులు ఇట్లు ప్రవర్తించుట సంస్థకు మిక్కిలి విచారము కలిగించినదని సెలవిచ్చారు.

మాస్టారు చేతులు జోడించి ఉన్నదంతా చెప్పారు. ఆపరేషను సంగతి, దీపాలవేళ గడువు, పెద్ద డాక్టరు సంగతి. మా ఆవిడ ఈ మాటని రేపు గుండెలో పెట్టుకుని ఆ బల్ల ఎక్కకూడదండి అన్నారు.

“తమ భావోద్వేగాలను సంస్థ గౌరవించుచున్నది. అయితే సదరు భావోద్వేగాలకు ప్రత్యేక పార్కింగ్ స్థలము కేటాయింపబడలేదు” అన్నారు పురుషోత్తం గారు.

అయినా సంస్థ దయలేనిది కాదని కూడా చెప్పారు. వైద్య కారణములపై మినహాయింపు ఉందట. ఆపరేషను విజయవంతముగా ముగిసిన అనంతరము రోగి స్వయముగా ఈ గేటు వద్ద హాజరై, ఆపరేషను జరిగినట్లు ధ్రువపరచినచో, ఆపరేషనుకు వెళ్ళుటకు అనుమతి లభించునట. మాస్టారు దాన్ని మనసులో రెండుసార్లు ముందుకీ వెనక్కీ నడిపించి చూసుకున్నారు. ఎటు నుంచి నడిచినా అది గేటు దాకా వచ్చి ఆగిపోతోంది. వెనక కార్లో ఒకాయన దిగి గట్టిగా తిట్టాడు. ఏ చట్టం కింద తిట్టాడో చెప్పాలని పురుషోత్తం గారు అడిగారు.

అప్పుడు హైమావతి గారు కారు దిగారు. నాలుగడుగులు వెయ్యడానికే ఆవిడకి ఆయాసం. మాస్టారు పట్టుకోబోతే వద్దని, ఫ్లాస్కు ఆయన చేతిలో పెట్టి, మైకు పక్కన నిలబడ్డ పురుషోత్తం గారి ముందుకొచ్చి ఆగారు. కాస్త ఊపిరి తీసుకుని, బాబూ, మీ అమ్మగారున్నారా అని అడిగారు.

ఆ ప్రశ్నకి నిబంధనల్లో జవాబు లేదు. ఉన్నారండి, కాకినాడలో ఉంటారండి అని ఆయన మామూలు మనిషిలా చెప్పేశారు.

“రేపు పొద్దున్న మీ అమ్మని ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్తుంటే నువ్వేం చెప్పి పంపిస్తావో, అది నాకు చెప్పు నాయనా. మీ బోర్డు మీద ఉన్నదే చెప్తానంటావా, అలాగే చెప్పు. నువ్వు ఎలా చెప్తే నేను అలాగే అంటాను.”

పురుషోత్తం గారు టై సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. బోర్డు వంక చూశారు. వెళ్ళిపో అన్నంత వరకూ పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. వెనక కార్లవాళ్ళు ఒక్కొక్కళ్ళూ ఇంజన్లు ఆపేశారు. ఇందాక తిట్టినాయన కూడా దగ్గరికొచ్చి వింటున్నాడు. పురుషోత్తం గారు ఆవిడ మొహం చూశారు, ఆవిడ చేతి మీద ఆసుపత్రి వాళ్ళు సూది గుచ్చిన చోట నల్లగా కమిలిన మచ్చ చూశారు. ఆయన తల దానంతటదే వంగింది.

“వెళ్ళిరండమ్మా” అన్నారు. “క్షేమంగా వెళ్ళిరండి.”

అది సూటిగా మైకులో పడింది. స్తంభం ఆయన గొంతు గుర్తుపట్టింది. దాని ఎరుకలో ఆ అధికారి మాటకి తిరుగులేదు. అధికార ఉత్తర్వు స్వీకరించబడినది, వెళ్ళుటయు, వచ్చుటయు అనుమతించబడినవి అని పలికింది. గేటు లేచింది. చక్రం తాళం టక్కున దానంతటదే ఊడిపడింది. మాస్టారు భార్యని కూర్చోబెట్టి కారు కదిలించారు. వెనక వరసలో ప్రతి కారూ గేటు దగ్గర ఆగి, వెళ్ళొస్తాం పురుషోత్తం గారూ అని కడుపారా చెప్పి మరీ వెళ్ళింది. పునరాగమనమును ప్రోత్సహించినందుకు పురుషోత్తం గారి బ్యాటరీ బండికి మాత్రం తాళం పడింది. ఆయన నడిచి వెళ్ళారు.

ఆసుపత్రి మెట్లెక్కేసరికి అప్పుడే దీపాలు వేస్తున్నారు. మర్నాడు పొద్దున్న ఆపరేషను గది తలుపు దగ్గర చక్రాల బల్ల ఒక్క క్షణం ఆపారు. హైమావతి గారు ఆకుపచ్చ టోపీ కింద నుంచి మొగుడి వంక చూసి, వెళ్ళొస్తానండీ అన్నారు. ఎన్నో వందల మంది పిల్లల్ని నిటారుగా నిలబెట్టిన ఆ మాస్టారు, గోడ పట్టుకుని, వెళ్ళిరా అన్నారు. తలుపు మూసుకుంది. ఎంతసేపటికి తెరుచుకుందో ఆయన్ని అడగకండి, ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ రిటైల్ పార్కు వారు ఊరికే కూర్చోలేదు. పురుషోత్తం గారి ఉత్తర్వు మీద విచారణ జరిగింది. అధికారి నోటి మాట గనక రద్దు చేయడం కుదరదన్నారు. వెళ్ళి రావడం అనుమతించినట్టే లెక్క. అయితే, వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళి, ఇంతవరకూ రానివాళ్ళ సంగతేమిటన్నది ఒక మేధావికి తట్టింది. వాళ్ళు మాట తప్పినట్టే కదా. అప్పటికప్పుడు వాగ్దాన భంగ విభాగం వెలిసింది. దానికి పురుషోత్తం గారినే అధిపతిని చేశారు. అది శిక్షో ప్రమోషనో తేల్చుకోలేక ఆయన బుద్ధిగా సంతకం పెట్టారు.

హైమావతి గారు ఇంటికొచ్చిన కొద్ది రోజులకి, ఓ మధ్యాహ్నం ఫోను మోగింది. ఆవిడ వాలు కుర్చీలో కూర్చుని, దగ్గొచ్చినా నవ్వొచ్చినా రొమ్ముకి అదుముకోమని డాక్టరిచ్చిన చిన్న దిండు ఒళ్ళో పెట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ చల్లారిందని మొగుణ్ణి సాధిస్తున్నారు. మాస్టారు ఫోనెత్తారు. గేటు స్తంభంలో పలికిన అదే మెత్తని ఆడగొంతు, గదంతా వినబడుతోంది.

తమ వాహనములోని మహిళా ప్రయాణికురాలు వెళ్ళి వచ్చుటకు అనుమతి పొందియున్నారని, వారు తిరిగి వచ్చినట్లు ఇంతవరకు నమోదు కాలేదని, వచ్చినదీ రానిదీ వారే స్వయముగా తెలుపవలెనని అది చెప్పింది. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఫోను విసిరికొట్టబోయారు. హైమావతి గారు అప్పటికే దిండు అదుముకుని, కుట్లు లాగుతున్నా ఆపుకోలేక నవ్వుతున్నారు. ఇలా ఇవ్వండి అని చెయ్యి చాపి ఫోను తీసుకున్నారు.

“వచ్చాను తల్లీ” అన్నారు. “వచ్చేశాను.”

“ధన్యవాదములు. మీ రాక నమోదైనది” అంది గొంతు.

మాస్టారు ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కున్నారు. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోకుండా, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, ఆ మాట ఇంకోసారి చెప్పమ్మా అన్నారు.